సగం సంచి ఊక

నాకు కోపం ఎక్కువ. బాపట్లలో నేను పాఠాలు చెప్పే కాలేజీలో అటెండరు దగ్గర్నుంచి ప్రిన్సిపాల్ దాకా అందరూ ఆ మాటే అంటారు. తెనాలిలో నేను అద్దెకున్న మేడ కింద భాగంలో ఉండే ఇంటివాళ్ళావిడ కూడా అంటుంది, కాకపోతే వెనకాల అంటుంది. ఒంటరిగా ఉండేవాళ్ళకి కోపం పెరుగుతుందో, కోపిష్టి వాళ్ళే ఒంటరిగా మిగిలిపోతారో నాకిప్పటికీ తేలలేదు. ఒకసారి మాత్రం ఈ పాడు కోపం వల్ల ఆరేళ్ళ నా కష్టం మట్టికొట్టుకుపోబోయింది.

నేను కెమిస్ట్రీ చెబుతాను. నలభై ఆరేళ్ళొచ్చాయి. పెళ్ళి కాలేదు; ఎందుకు కాలేదని అడిగేవాళ్ళు కూడా అడిగి అడిగి మానేశారు. మా అమ్మ పోయి రెండేళ్ళు దాటింది. అప్పటిదాకా ఆ మేడ మీద మేమిద్దరమే. ఆవిడ పోయాక నాకు అన్నిటికన్నా లోటుగా తోచిందేంటంటే, నవ్వకండి, బాపట్ల రైలు దిగి వచ్చి మెట్లెక్కుతుంటే పైనుంచి వినిపించే "ఇవాళ ఏం కూర చేయమంటావే?" అన్న గొంతు. మావైపు మనిషి మనిషిని ముందుగా అడిగేది అదే. ఫోను చేసినా అదే, వీధిలో ఎదురుపడినా అదే. ఇప్పుడు నా ఫోనుకి గ్యాసు వాళ్ళూ, లోను కావాలా మేడమ్ అనేవాళ్ళూ తప్ప ఎవరూ చేయరు. ఆదివారం చర్చిలో "బాగున్నారా అండి" అంటారు. "బాగున్నానండి" అంటాను. చెప్పులేసుకుని ఇంటికొచ్చేస్తాను. ఒక గ్లాసు బియ్యం పోసుకుంటాను.

నలభయ్యో ఏట పార్ట్‌టైమ్ పీహెచ్‌డీలో చేరాను. మా కాలేజీ ల్యాబులోనే పని. మా గైడు నాకన్నా పదేళ్ళు చిన్నవాడు. మంచివాడే, కానీ మాట్లాడుతున్నంతసేపూ గడియారం వంక చూస్తాడు. నా అంశం ఊక. అవును, వడ్ల మీది పొట్టే. ఆ ఊకతో బ్యాటరీ.

ఇందులో పెద్ద బ్రహ్మవిద్యేం లేదు. మేడల మీద సోలారు పలకలు పెట్టుకుంటున్నారు కదా, పగలు వచ్చిన కరెంటుని సాయంత్రానికి దాచుకోవాలంటే బ్యాటరీ కావాలి. ఇప్పటి బ్యాటరీల్లో ఉండే లిథియం మన దగ్గర దొరకడం కష్టం. సోడియం అయితే ఉప్పులోనే ఉంది. సముద్రం పక్కన ఉన్నవాళ్ళకి ఉప్పుకేం కొదవ? అయితే సోడియం బ్యాటరీలో ఒకవైపు బొగ్గు పెట్టాలి, అది మామూలు బొగ్గయితే కుదరదు. సోడియం లోపలికి వెళ్ళి, కాసేపు ఉండి, మళ్ళీ బయటికి రావడానికి అందులో కంటికి కనపడని సందులుండాలి. ఊకని గాలి తగలకుండా కొలిమిలో మహా వేడి మీద కాలిస్తే అలాంటి బొగ్గు వస్తుంది. దానికి ముందు ఊకలో ఉండే ఇసుక లాంటి పదార్థాన్ని కాస్టిక్ సోడా నీళ్ళలో ఉడికించి తీసెయ్యాలి. అంతే పని. ఆ అంతే పనికి నాకు ఆరేళ్ళు పట్టింది.

పెద్ద మిల్లులవాళ్ళు ఊకని తమ బాయిలర్లలోనే తగలేసుకుంటారు, ఒక్క సంచి ఇవ్వండి బాబూ అంటే ఎగాదిగా చూస్తారు. చివరికి రేపల్లెలో, పెనుమూడి వెళ్ళే రోడ్డు మీద, పాతకాలపు చిన్న మర ఒకటి దొరికింది. "ఎప్పుడూ ఒకే చోటినుంచి తేవాలి మేడమ్, చోటు మారితే ఫలితం మారుతుంది" అన్నాడు గైడు. దాంతో అవసరమైనప్పుడల్లా శనివారం మధ్యాహ్నం తెనాలిలో రేపల్లె బండి ఎక్కడం, గోనెసంచి కాళ్ళ దగ్గర పెట్టుకుని తిరిగి రావడం. ఆడవాళ్ళ పెట్టెలో పక్కనావిడ సంచి తడిమి చూసి "కోళ్ళు పెంచుతున్నారా అండి?" అనేది. మొదట్లో లేదండి, ఇది బ్యాటరీకండి అని చెప్పేదాన్ని. వాళ్ళు నా మొహం కేసి చూసి అటు జరిగి కూర్చునేవాళ్ళు. తర్వాత నుంచి "అవునండి, కోళ్ళకే" అనేదాన్ని.

మొదటి రెండు సంచులూ మర గుమాస్తా నింపించి ఇచ్చాడు. రెండూ దండగ. వాటితో చేసిన బొగ్గు పెట్టిన బ్యాటరీలు పది పన్నెండు సార్లు ఛార్జి ఎక్కి దిగేసరికి నీరసపడిపోయేవి. మూడోసారి వెళ్ళినప్పుడు ఊకగుట్ట దగ్గర పనిచేసే ముసలావిడ నింపింది. ఎండిపోయిన మనిషి, తలకి తువ్వాలు, కనుబొమ్మల మీద కూడా ఊక దుమ్ము. వారం ముందే గుమాస్తాకి ఫోను చేసి సంచి సిద్ధంగా పెట్టమన్నాను. తీరా వెళ్తే సగం సంచే ఉంది.

రైలుకి టైమవుతోంది, ఎండ దంచేస్తోంది. నాకు ఒళ్ళు మండిపోయింది.

"సగమే ఉందేంటి? ఇంత దూరం నుంచి వచ్చేది సగం సంచికా? గుట్ట గుట్టంతా పడుంది, నిండా పోయడానికేం నొప్పి?"

ఆవిడ ఏదో చెప్పబోయింది. "ఇంకోసారి ఇట్లా ఇస్తే తీసుకోను" అనేసి సంచి లాక్కుని ఆటో ఎక్కాను. ఆవిడ ఏం చెప్పబోయిందో నేను వినలేదు. ఆ సంగతి రైలెక్కేసరికే మర్చిపోయాను కూడా.

ఆ సగం సంచి ఊకతో చేసిన బ్యాటరీ ఆగలేదు. యంత్రంలో పెడితే ఛార్జి ఎక్కుతోంది, దిగుతోంది, ఎక్కుతోంది, దిగుతోంది. వంద దాటినా మొదటిరోజు ఎంత పట్టుకుందో దాదాపు అంతే పట్టుకుంటోంది. గైడు నా క్లాసు గుమ్మం దాకా వచ్చి "మేడమ్, ఒకసారి రండి" అని పిలిచాడు. ఆ మనిషి ఆరోజు గడియారం చూడలేదు. ఆ సాయంత్రం రైల్లో ఎవరికైనా చెప్పాలని ప్రాణం కొట్టుకుపోయింది. ఫోన్లో పేర్లన్నీ పైనుంచి కిందికి చూసుకున్నాను. చివరికి మెట్ల దగ్గర ఎదురుపడిన కింద ఇంటివాళ్ళావిడకి చెప్పాను. ఆవిడ అంతా విని "అయితే మన కరెంటు బిల్లు తగ్గుద్దంటారా అండి?" అంది. తగ్గదండి అని పైకొచ్చి, అమ్మ ఫోటో ముందు కూర్చుని మళ్ళీ మొదటినుంచి చెప్పాను.

ఒక్కసారి వస్తే శాస్త్రం ఒప్పుకోదు. మళ్ళీ రావాలి, మళ్ళీ మళ్ళీ రావాలి. నాలుగో సంచి తెచ్చాను. నిండా ఉంది. ముసలావిడే నింపింది, నావైపు చూడకుండా సంచి మూతి కట్టి ఇచ్చింది. నాకు పని జరిగింది కదా అని నేనూ పలకరించలేదు. ఆ సంచి పోయింది. ఐదోదీ పోయింది. ఆరు, ఏడు, ఎనిమిది, అన్నీ నిండు సంచులే, అన్నీ దండగే.

నేను తప్పు పట్టనిది లేదు. కొలిమిలో వేడి సరిగా లేదన్నాను. గాలి రాకుండా నింపే ఆర్గాన్ సిలిండరు మంచిది కాదన్నాను. కాస్టిక్ సోడా కల్తీదన్నాను. గిన్నెలు సరిగా కడగలేదని అటెండరు మీద అరిచాను. అతను రెండు రోజులు నాతో మాట్లాడలేదు. ఊకని ఉడికించేటప్పుడు ఆ నీళ్ళు చిక్కబడి జిగటగా తయారయ్యేవి, వడకట్టు కాగితం మూసుకుపోయేది. మూడోసారి మాత్రం ఆ నీళ్ళు తేటగా ఉన్నట్టు నా నోటుబుక్కులో రాసి ఉంది. రాసింది నేనే. చదివి, సరేలే అని పేజీ తిప్పిందీ నేనే.

ఇలా ఏడాది గడిచింది. నాకు అప్పటికే రెండుసార్లు గడువు పెంచారు. వేసవి సెలవుల్లోపు థీసిస్ ఇవ్వకపోతే నా రిజిస్ట్రేషన్ రద్దవుతుంది. ఒకరోజు గైడు నన్ను కూర్చోబెట్టి మెల్లగా అన్నాడు.

"మేడమ్, ఆ మూడోది ఏదో పొరపాటు రీడింగేమోనండి. థీసిస్‌లోంచి తీసేద్దాం."

"తీసేస్తే ఇంక ఏం మిగులుద్దండి?"

అతను కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. మిగిలేదేమీ లేదని ఇద్దరికీ తెలుసు.

ఆ రోజు ఇంటికి పోబుద్ధి కాక సూర్యలంక బస్సెక్కాను. సముద్రం దగ్గర జనం బాగానే ఉన్నారు. ఒక కుటుంబం, ఎనిమిది మందో తొమ్మిది మందో, నీళ్ళలో వరసగా నిలబడి "ఆంటీ, ఒక ఫోటో తీసిపెట్టరా" అని ఫోను నా చేతికిచ్చారు. తీశాను. సరిగా రాలేదని మళ్ళీ తీయించుకున్నారు. థాంక్స్ ఆంటీ అని వెళ్ళిపోయారు. నా దగ్గరా ఫోనుంది, నాకో ఫోటో తీయమని ఎవరినీ అడగాలనిపించలేదు. ఈ పని కూడా పోతే నేనంటూ ఒక మనిషినున్నానని ఎవరికి తెలుస్తుంది అనిపించింది. సిగ్గు విడిచి చెబుతున్నాను, అక్కడ ఇసుకలో కూర్చుని ఏడ్చాను.

ఇంక ఆఖరిసారి అనుకుని రేపల్లె వెళ్ళాను. ఈసారి ఫోను చేయలేదు, శనివారం కూడా కాదు. గుమాస్తా భోజనానికి వెళ్ళాడు. మర వెనక నీడలో ముసలావిడ పట్టా పరుచుకుని, చేట పట్టుకుని ఏదో చెరుగుతోంది. దగ్గరికి వెళ్ళి చూస్తే ఊక.

బియ్యం చెరుగుతారు, కందులు చెరుగుతారు. ఊకని చెరిగేవాళ్ళని నేనెప్పుడూ చూడలేదు.

"అదేంటి మామ్మా, ఊకలో ఏముందని చెరుగుతున్నావ్?"

ఆవిడ నన్ను గుర్తుపట్టింది. చేట ఆపకుండానే చెప్పింది.

"మాది పాత మర కదమ్మా. ఊకలో తవుడూ నూకా కలిసే వస్తయ్. చెరగకుండా పొయ్యిలో దట్టిస్తే పొగ చంపేస్తది, కళ్ళు పోతయ్. మా ఇంట్లో ఊక పొయ్యే. మీకూ ఒకసారి చెరిగిచ్చాగా. సంచెడు చెరిగితే సగమే తేలింది. మీరు కోప్పడ్డారు. ఎందుకొచ్చిన గొడవలే అని ఆ తర్వాత మానుకున్నా."

సగం సంచి. చెరిగిన సంచి. నూక అంటే విరిగిన బియ్యమే కదా, దాన్ని కాస్టిక్ నీళ్ళలో ఉడికిస్తే ఏమవుతుంది? గంజి అవుతుంది. ఆ గంజి ఊక చుట్టూ పట్టేసి ఇసుకని బయటికి పోనివ్వడం లేదు. ఏడాదిపాటు గంజి పెట్టిన నేత చీర కట్టుకుని ల్యాబులో నిలబడి, కళ్ళెదురుగా ఉడుకుతున్న గంజిని గుర్తుపట్టలేకపోయాను. నేను జల్లెడలో పోసి కడుగుతూనే ఉన్నాను, దుమ్ము పోయేది గానీ తవుడూ నూకా పోయేవి కావు. లోకంలో ఈ పని చేసేవాళ్ళందరికీ కొత్త మిల్లుల నుంచి శుభ్రమైన ఊక వస్తుంది కాబట్టి, చెరగమని ఏ పుస్తకంలోనూ లేదు.

"మరి నాకెందుకు చెరిగిచ్చావు మామ్మా? నేను అడగలేదుగా."

"ఒక్కదానివే ఉంటావని గుమాస్తా చెప్పాడు. ప్రైవేటు కాలేజీలంట, వాళ్ళేం జీతాలిస్తారు పాపం. గ్యాసు బండ కొనుక్కోలేక ఊక పొయ్యి మీద వండుకుంటున్నావనుకున్నా. ఒంటిది, ఆ పొగలో ఎట్టా వండుకుంటదిలే అని చెరిగా." చేట పక్కన పెట్టి నావైపు చూసింది. "ఆ సగం సంచి మండిందా? పొగ రాలేదు కదా?"

ఇది పొయ్యికి కాదు మామ్మా అని నోటిదాకా వచ్చింది. నా కోసం ఒకళ్ళు నడుం నొప్పి పుట్టేలా కూర్చుని చెరిగారు. నేనేమో సగమే ఇచ్చావని మీద పడ్డాను. ఏ మొహంతో చెప్పను?

"రాలేదు మామ్మా" అన్నాను.

ఆవిడ తృప్తిగా తల ఊపింది. నేను పక్కన చతికిలబడి, నాక్కూడా నేర్పమన్నాను. చేట ఎగరేస్తే ఊక ముందుకి జారి పట్టా మీద పడాలి, నూక చేటలో వెనక్కి చేరాలి, తవుడు గాలికి పోవాలి. నేను ఎగరేస్తే మొత్తం నా ఒళ్ళో పడింది. "కాలేజీలో పాఠాలు చెబుతావంట, చేట పట్టడం రాదంటే నవ్విపోతారే" అని ఆవిడ విరగబడి నవ్వింది. అప్పటికే మీరు కాస్తా నువ్వయింది. మా అమ్మ పోయాక నన్నెవరూ 'ఏవే' అనలేదు. సాయంత్రం బండి టైముకి సగం సంచి తయారైంది.

ల్యాబులో నీళ్ళు తేటగా ఉన్నాయి. బ్యాటరీ ఆగలేదు. ఇంకో సగం సంచి నేనే వెళ్ళి చెరుక్కొచ్చాను, అదీ ఆగలేదు. గైడు ఆనందపడిపోయి "దీన్నెలా రాద్దాం మేడమ్?" అన్నాడు. చెరిగామని రాద్దామండి అన్నాను. చెరగడానికి ఇంగ్లీషులో గౌరవంగా ఉండే మాట కావాలన్నాడు. గాలి ప్రవాహంలో బరువును బట్టి వేరుచేశాం అన్నట్టు పెద్ద వాక్యం ఒకటి అల్లాడు. కోపం నషాళానికంటింది. అయినా ఊరుకున్నాను, కృతజ్ఞతల పేజీ నా చేతిలోనే ఉంది కదా అని. తీరా అది రాయబోతే ఆవిడ పేరు నాకు తెలియదు.

పేరు అడగడానికీ, నిజం చెప్పడానికీ మళ్ళీ రేపల్లె వెళ్ళాను. ఆవిడ లేదు. ఓపిక తగ్గిందని కూతురు వచ్చి, కృష్ణ మీది వంతెన దాటించి తన ఊరు తీసుకుపోయిందట. గుమాస్తా లోపలికి వెళ్ళి ఒక గోనెసంచి ఈడ్చుకొచ్చాడు. మూతి దాకా నిండుగా ఉంది, పురికొసతో గట్టిగా కట్టి ఉంది.

"మీరొస్తే ఇమ్మందండి. చేతులు వణుకుతున్నా వద్దంటే వినలా, పది రోజులు కూర్చుని చెరిగింది. టీచరమ్మకి సగం సంచిస్తే కోపమొస్తదిరా, నిండా ఇవ్వాలి అంది."

నాకిక ఊకతో పని లేదు. పని అయిపోయింది. అయినా ఆ సంచిని పసిపిల్లని పట్టుకున్నట్టు పట్టుకుని రైల్లో కూర్చున్నాను. పక్కనావిడ కోళ్ళకా అండి అని అడిగింది. "కాదండి, పొయ్యిలోకి" అన్నాను.

మర్నాడు చర్చి నుంచి వస్తూ తెనాలి బజారులో రేకు పొయ్యి ఒకటి కొన్నాను. "ఇవి ఇప్పుడెవరు వాడుతున్నారండి" అంటూ కొట్టతను పైనుంచి దింపి దుమ్ము దులిపి ఇచ్చాడు. మేడ మీద, పొయ్యి మధ్యలో సీసా నిలబెట్టి చుట్టూ ఊక దట్టించి, సీసా మెల్లగా లాగేసి, కింది కన్నంలోంచి నిప్పు పెట్టాను. ఎసరు పెట్టి ఒక గ్లాసు బియ్యం పోశాను. తర్వాత గుమాస్తా ఇచ్చిన కూతురి నంబరుకి ఫోను చేస్తే, ఆ అమ్మాయి ముసలావిడకిచ్చింది.

"ఎవరూ?"

"నేను మామ్మా. సగం సంచి టీచర్ని."

"ఓసినీ! సంచి అందిందా? చూసుకున్నావా, నిండా ఉందా?"

"నిండా ఉంది. మామ్మా, నీకొక మాట చెప్పాలి. నేను అబద్ధమాడాను. నాకు ఊక పొయ్యి లేదు. ఆ ఊకతో కాలేజీలో బ్యాటరీలు చేశాను. నువ్వు చెరగబట్టే పనయింది. అది పుస్తకంలో రాయాలి, నీ పేరు చెప్పు."

అవతల "ఊక చెరిగితే కూడా పుస్తకంలో రాస్తారంటే!" అని కూతురికి చెప్పడం వినిపించింది. పేరు చెప్పింది. అది ఆ పేజీలో ఉంది, ఇక్కడ రాయను.

"అయితే ఆ సంచెడు ఊకా ఏం చేస్తావే ఇప్పుడు?"

"ఇవాళ పొయ్యి కొన్నాను మామ్మా. దాని మీద అన్నం ఉడుకుతోంది."

"నిజంగానా? పొగ వస్తుందా?"

పొయ్యి వైపు చూశాను. మధ్య కన్నంలో ఎర్రటి నిప్పు, పైన ఎసరు కుతకుత, అంతే.

"రావట్లేదు మామ్మా."

"మరి ఏం కూర?"

నేను మెట్ల వైపు చూశాను. "ఏమే, ఉన్నావా? ఏం కూర అంటుంటే!" అని ఆవిడ రెట్టించింది. కూరేం చేయలేదని చెప్పాను.

"ఒట్టన్నం ఎట్టా తింటావే పిచ్చిమొహమా! ఆ నిప్పు ఇంకా చాలాసేపు ఉంటది, రెండు వంకాయలు కాల్చి పచ్చడి నూరుకో. ఇంట్లో లేకపోతే పక్కింట్లో అడుగు, నోరు లేదా నీకు?"

ఆవిడ తిడుతూనే ఉంది. నేను ఫోను చెవి దగ్గర పెట్టుకునే మెట్లు దిగి, ఆ ఇంట్లో చేరాక మొట్టమొదటిసారి, కింద వాళ్ళ తలుపు కొట్టి రెండు వంకాయలు అడిగాను.